తీగ లేని వార్త, చేతిలోని సొమ్ము



2022 అక్టోబరు 1వ తేదీన మన దేశములో ఐదవ తరపు సెల్‌ఫోను సేవ, అనగా 5జీ, ప్రారంభమాయెను. వేగము మెచ్చదగినదే. అయితే పల్లె బ్రదుకును అంతకంటె ఎక్కువగా మార్చినది 2016లో మొదలైన యు.పి.ఐ. సొమ్ము ఒక ఖాతానుండి వేరొక ఖాతాకు క్షణములో చేరుచున్నది. కూరలమ్ము స్త్రీ సహా గంప ప్రక్కన క్యూఆర్ అట్ట పెట్టుకొనుచున్నది. చిల్లర బాధ తగ్గినది.

కాని చదువురాని పెద్దలు తమ రహస్య సంఖ్యను, అనగా పిన్‌ను, ఎవరికో చెప్పి పని జరుపుకొనుచున్నారు. మోసము ఆ త్రోవనే ప్రవేశించుచున్నది. “మీకు డబ్బు వచ్చినది, పిన్ నొక్కుడి” అని ఫోనులో ఒకడు తియ్యగా పలుకును. మనము గట్టిగా నేర్చుకొనవలసినది ఇదే: సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ ఎంతమాత్రమును అక్కరలేదు. నొక్కితిమా, మన సొమ్మే పోవును.

పెద్ద ఫోను లేనివారు చిన్నబుచ్చుకొననక్కరలేదు. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు ప్రారంభించిన 123పే పద్ధతిలో బటన్ల ఫోనుతోనే, ఇంటర్నెట్టు లేకయే, సొమ్ము పంపవచ్చును.

మోసపోయినవారు సిగ్గుచేత దాచుకొనక, వెంటనే 1930కి ఫోను చేయవలెను. సొమ్ము దొంగ చేతినుండి ఇంకొక చేతికి పోకమునుపే ఆపుటకు అవకాశము కలదు. సంఘములోని యౌవనులు ఈ సంఖ్యను పెద్దల ఫోనులలో, ముందుగా ఒంటరిగానున్న విధవరాండ్ర ఫోనులలో, వ్రాసిపెట్టవలెనని కోరుచున్నాము.