ఒకే తక్కెడతో తూచుదాం

మన పిల్లల్లో చాలామంది మిషన్ స్కూళ్ళలో, కాలేజీల్లో చదువుతున్నారు. “యేసు చనిపోయి తిరిగి లేచాడనడానికి ఆధారాలున్నాయి, నువ్వేమంటావు?” అని ఏదో ఒకనాడు తోటి విద్యార్థి అడుగుతాడు. పిల్లవాడు ఆ ప్రశ్నను ఇంటికి తెస్తాడు. “అలాంటివి వినకు” అని కసిరితే ప్రశ్న పోదు. మన దగ్గర జవాబు లేదన్న అనుమానం మాత్రం మిగులుతుంది.

ముందు వారి మాట తెలుసుకుందాం

క్రైస్తవ విశ్వాసానికి మూలస్తంభం పునరుత్థానం. పాపక్షమాపణ, చనిపోయిన ఆప్తులను మళ్ళీ కలుస్తామన్న ఆశ, కష్టంలో ధైర్యం అన్నీ వారికి దాని మీదే నిలిచాయి. అది జరగకపోతే తమ విశ్వాసం వ్యర్థమేనని పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, 15వ అధ్యాయంలో, తానే ఒప్పుకున్నాడు. కనుక ఇది వారికి ఒట్టి వాదన కాదు, ప్రాణసమానమైన విషయం. దాన్ని ఎగతాళి చేసే హక్కు మనకు లేదు.

వారి ఆధారాలు ఏమిటి?

ఆ పత్రికను పండితులు సుమారు క్రీ.శ. 53-55 నాటిదిగా లెక్కిస్తారు. అంటే శిలువ సంఘటనగా చెప్పేదానికి సుమారు 20 ఏళ్ళ తర్వాత రాసినది. తిరిగి లేచిన యేసును చూసినవారి పేర్లు పౌలు అందులో వరుసగా చెబుతాడు. పిలాతు హయాంలో క్రీస్తుకు మరణశిక్ష పడిందని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రెండవ శతాబ్దం ఆరంభంలో రాశాడు. పిలాతు పేరు చెక్కిన రాయి 1961లో కైసరయలో దొరికింది. యోహాను సువార్త తాలూకు చిన్న పాపిరస్ ముక్క ఒకటి మాంచెస్టర్‌లో ఉంది. దాన్ని సాధారణంగా రెండవ శతాబ్దానిదిగా చెబుతారు.

ఇవి కల్పితాలు కావు. అయితే ఏ ఆధారం ఎంతవరకు సాక్ష్యమిస్తుందో చూడాలి. రాయి పిలాతు ఉన్నాడని చెబుతుంది. పాపిరస్ ఆ రచన ప్రాచీనమైనదని చెబుతుంది. పౌలు పడిన బాధలు అతని చిత్తశుద్ధిని చెబుతాయి. అతను నమ్మినది నిజమా కాదా అన్నది ఇవేవీ వాటంతట అవి తేల్చవు.

ఇప్పుడు మన వంతు

ఇక్కడే మనకు పరీక్ష. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలోని ఖుర్ఆన్ పత్రాల తోలు క్రీ.శ. 568-645 మధ్యదని 2015లో ప్రకటించినప్పుడు మనం ఎంతో సంతోషించాం. సంతోషించదగిన వార్తే. కానీ ఆ తోలు వయసు కూడా ఖుర్ఆన్ వచనం ప్రాచీనమైనదనే చెబుతుంది. అది దైవవాణి అన్నది తోలు చెప్పగలిగేది కాదు. హజ్రత్ బిలాల్ (రజి) సహనం ఆయన చిత్తశుద్ధికి సాక్ష్యం. పౌలు విషయంలో ఒప్పుకోని తర్కాన్ని మన విషయంలో వాడుకోకూడదు. తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకుని, ఇచ్చేటప్పుడు తగ్గించేవారిని సూరా ముతఫ్ఫిఫీన్ తీవ్రంగా హెచ్చరించింది. ఆ హెచ్చరిక బియ్యం కొలతకే పరిమితమా?

మన జవాబు ఎక్కడుంది?

హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) కన్య మర్యమ్ కుమారుడని, మసీహ్ అని, దైవప్రవక్త అని మనం విశ్వసిస్తాం. దైవకుమారుడని విశ్వసించం. ఆయన్ను చంపలేదని, శిలువ వేయలేదని, వారికి అలా భ్రమ కల్పించబడిందని సూరా నిసా 157వ ఆయత్ తెలుపుతుంది. శిలువ మరణం జరిగిందన్నది చరిత్రకారుల్లో దాదాపు అందరి మాట. మన నమ్మకం రోమన్ రికార్డుల నుంచి వచ్చింది కాదు, ఖుర్ఆన్ దైవవాణి అన్న విశ్వాసం నుంచి వచ్చింది. ఇది దాచవలసిన మాట కాదు, పిల్లలకు స్పష్టంగా చెప్పవలసిన మాట.

అప్పుడు అసలు ప్రశ్న మన వైపు తిరుగుతుంది: ఖుర్ఆన్ దైవవాణి అని మనం ఎలా తెలుసుకున్నాం? తాతముత్తాతలు చెప్పారనేనా? అలా గుడ్డిగా అనుసరించడాన్ని సూరా బఖరా 170వ ఆయత్ ఖండించింది. ఖుర్ఆన్ తనను గురించి ఆలోచించమని, ఇది అల్లాహ్ నుంచి కాక మరొకరి నుంచి వచ్చి ఉంటే ఇందులో ఎన్నో వైరుధ్యాలు కనిపించేవని సూరా నిసా 82వ ఆయత్‌లో చెబుతుంది. అర్థం తెలియకుండా వల్లించేవారు ఈ పరీక్ష ఎలా చేయగలరు?

కనుక ఇంట్లో రోజూ కొన్ని ఆయత్‌లైనా అర్థంతో చదువుదాం. పిల్లల ప్రశ్నలు ఓపికగా విందాం. క్రైస్తవ మిత్రునితో మాట్లాడేటప్పుడు నజ్రాన్ క్రైస్తవ బృందాన్ని గుర్తుంచుకుందాం. వారిని మహాప్రవక్త (స) తమ మస్జిద్‌లోనే వారి పద్ధతిలో ప్రార్థన చేసుకోనిచ్చారని ఇబ్ను ఇస్హాఖ్ సీరత్ తెలుపుతుంది. విశ్వాసంలో ఏకాభిప్రాయం కుదరలేదు, అయినా వారు ఒప్పందంతో, క్షేమంగా తిరిగి వెళ్ళారు.

సత్యాన్ని సత్యంగా చూసి దాన్ని అనుసరించే భాగ్యాన్ని అల్లాహ్ మనకూ, మన సంతానానికీ ప్రసాదించుగాక! ఆమీన్.