గుడారపు ద్వారమునొద్ద ఐదుగురు కుమార్తెలు

స్త్రీల సమాజములకును గృహకూటములకును పాఠము

చదువవలసిన భాగములు: సంఖ్యాకాండము 27:1-11, యెహోషువ 17:3-6, ఎస్తేరు 1వ అధ్యాయము, నిర్గమకాండము 1:15-21.



సెలోపెహాదు అను మనుష్యుడు అరణ్యములో మృతినొందెను. అతనికి కుమారులు లేరు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అను ఐదుగురు కుమార్తెలు మాత్రముండిరి. వాగ్దాన దేశమును పంచుకొను కాలము సమీపించెను. ఆనాటి వాడుక చొప్పున భూమి మగవారి పేరట పోవును గనుక ఆ ఇంటికి గజము నేలయైనను రాదు. అప్పుడు ఆ ఐదుగురు ఇంట కూర్చుండి కన్నీరు కార్చలేదు. ప్రత్యక్షపు గుడారపు ద్వారమునొద్దకు వచ్చి, మోషే యెదుటను, యాజకుడైన ఎలియాజరు యెదుటను, పెద్దలందరి యెదుటను నిలిచి తమ మనవి చెప్పుకొనిరి.

ఇచ్చట మూడు సంగతులు గమనింపుడు. మొదటిది, ఆడుపిల్లలు పెద్దల సభలో నోరు విప్పిరని మోషే వారిని గద్దింపలేదు. రెండవది, అతడు తన సొంత తీర్పు చెప్పక ఆ సంగతిని దేవుని సన్నిధికి తీసికొనిపోయెను. మూడవది, దేవుడు వారి పక్షమున తీర్పు చెప్పి, దానిని ఇశ్రాయేలీయులందరికి కట్టడగా చేసెను. అయినను యెహోషువ కాలములో ఆ కుమార్తెలు మరల వచ్చి అడుగవలసి వచ్చెను. కట్టడ వ్రాయబడుట ఒకటి, అది చేతికి అందుట మరియొకటి.

భయమునుండి పుట్టిన తాకీదులు

ఎస్తేరు గ్రంథములో ఇందుకు వ్యతిరేకమైన సంగతి చూచెదము. 127 సంస్థానములను ఏలిన అహష్వేరోషు పిలిచినప్పుడు రాణియైన వష్తి ఒక్కమారు రానన్నది. అంతమాత్రమునకే రాజసభ వణికెను. ప్రతి ఇంట స్త్రీలు తలయెత్తుదురను భయముతో దేశమంతటికిని తాకీదులు పంపిరి. సైన్యములు గల రాజు ఒక స్త్రీ నోటిమాటకు భయపడెను!

నేటి ఆఫ్ఘనిస్థాను భూభాగము ఆ పారసీక సామ్రాజ్యములోనిదే. అక్కడ స్త్రీల చదువు నిన్న మొన్న వచ్చినది కాదు. 1921లో రాణి సొరయా కాలమున కాబూలు పట్టణములో బాలికల పాఠశాల వెలసెను. 1964 రాజ్యాంగము స్త్రీలకు ఓటు హక్కునిచ్చెను. తాలిబానులు 1996 సెప్టెంబరులో కాబూలును పట్టుకొని బాలికల బడులు మూసి, స్త్రీలను ఉద్యోగములనుండి తొలగించిరి. 2001లో వారి పరిపాలన కూలెను. 2004 రాజ్యాంగము స్త్రీ పురుషులు చట్టము యెదుట సమానులని చెప్పెను. పార్లమెంటు దిగువ సభలో 68 స్థానములు స్త్రీలకు ప్రత్యేకింపబడెను.

2021 ఆగస్టు 15న తాలిబానులు మరల కాబూలులో ప్రవేశించిరి. అటుపిమ్మట తాకీదు వెంబడి తాకీదు వచ్చెను. 6వ తరగతి దాటిన బాలికలకు బడి లేకపోయెను. 2022 మార్చి 23న బడులు తెరచెదమని చెప్పగా పిల్లలు సంతోషముతో వచ్చిరి. కొన్ని గంటలలోనే వారిని ఇండ్లకు పంపివేసిరి. ఆ సంవత్సరము డిసెంబరులో విశ్వవిద్యాలయములును మూయబడెను. 2024 ఆగస్టులో ప్రకటించిన శాసనము, స్త్రీ కంఠస్వరము సహితము బహిరంగముగా వినబడకుండ దాచవలసినదని చెప్పెను. ఆ నెలలో యునెస్కో సంస్థ వేసిన లెక్క ప్రకారము కనీసము 14 లక్షల మంది బాలికలకు ఉన్నత పాఠశాల చదువు లేకుండ చేయబడెను.

మంత్రసానులు లేని దేశమేమగును?

షిఫ్రా, పూయా అను మంత్రసానులు ఫరో ఆజ్ఞకు కాక దేవునికి భయపడి పసిబిడ్డల ప్రాణములు కాపాడిరి. 2024 డిసెంబరులో ఆఫ్ఘనిస్థానులో నర్సుల శిక్షణయు మంత్రసానుల శిక్షణయు స్త్రీలకు నిషేధింపబడెను. ఆ దేశములో అనేక కుటుంబములవారు తమ ఇంటి ఆడువారిని పురుష వైద్యునియొద్దకు పంపరు. స్త్రీ పురుషునికి చూపించుకొనకూడదు. స్త్రీ వైద్యము నేర్చుకొననుకూడదు. ఈ రెండు కట్టడలు కలిసినచోట పురిటినొప్పులు పడు తల్లికి దిక్కెవరు?

ఈ ఇక్కట్టు మన తెలుగు సంఘములు ఎరుగనిది కాదు. పురుష వైద్యుని కంటబడని స్త్రీలు మన జిల్లాలలోను ఉండిరి. అందుచేతనే 1883లో గుంటూరునకు వచ్చిన డాక్టరు ఆన్నా కూగ్లరు దొరసానిగారు స్త్రీలకు వైద్యము చేయనారంభించి, అచ్చట ఆసుపత్రి నెలకొల్పిరి.

నోరు మూయబడనివారు

ఆఫ్ఘను స్త్రీలు ఊరకుండలేదు. తుపాకుల యెదుట కాబూలు వీధులలో నడిచి, రొట్టె, పని, స్వాతంత్ర్యము కావలెనని కేకలు వేసిరి. కొందరు చెరసాలకు పోయిరి. కొందరు ఇండ్లలో రహస్యముగా బడులు నడిపిరి. కంఠస్వరమును నిషేధించిన శాసనమునకు ఉత్తరముగా, పాటలు పాడి వాటిని లోకమునకు వినిపించిరి.

వారితో నిలిచిన పురుషులును కలరు. మతియుల్లా వేసా అను యువకుడు పల్లె పల్లెకు పుస్తకములు మోసికొనిపోయి, ఆడుపిల్లలను చదివించుడని పెద్దలను బతిమాలెను. 2023 మార్చిలో అతడు పట్టబడి, ఏడు నెలలు చెరలో నుండి అక్టోబరులో విడుదలయ్యెను. 2025 జూలైలో అంతర్జాతీయ నేర న్యాయస్థానము, స్త్రీలను బాలికలను హింసించిరన్న అభియోగముపై తాలిబానుల ముఖ్య నాయకుని మీదను, వారి ప్రధాన న్యాయాధిపతి మీదను అరెస్టు వారంట్లు జారీ చేసెను.

ఒక హెచ్చరిక. ఈ పాఠము చదివి మన ఊరి ముస్లిము పొరుగువారిని తప్పు పట్టకుడి. 2022 డిసెంబరులో ఈజిప్టులోని అల్ అజ్‌హర్ పెద్ద ఇమాముగారే, బాలికలకు చదువు మాన్పించుట ఇస్లాము ధర్మశాస్త్రమునకు విరుద్ధమని ప్రకటించిరి. మతము పేరు చెప్పి పెత్తనము చేయుట అన్ని మతములవారికి వచ్చు శోధనయే.

మన మాటయేమి?

స్త్రీలు సంఘములో మౌనముగా నుండవలెనని పౌలు వ్రాయలేదా యని కొందరడుగుదురు. 1 కొరింథీయులకు 14:34 చదువువారు అదే పత్రికలో 11:5 కూడ చదువవలెను. అక్కడ సంఘములో ప్రార్థించుచు ప్రవచించుచునున్న స్త్రీలను గూర్చి అపొస్తలుడు మాటలాడుచున్నాడు. విద్వాంసుడైన అపొల్లోకు మార్గమును వివరించినవారిలో ప్రిస్కిల్ల యొకతె (అపొస్తలుల కార్యములు 18:26). పునరుత్థాన సువార్తను మొదట మోసినది స్త్రీ నోరే. ఆ నోరు మూసియుంటే మనకు ఈస్టరు వార్త ఎట్లు చేరును?

ఇక భూమి సంగతి. 1925 భారత వారసత్వ చట్టము ప్రకారము, విల్లు వ్రాయక మరణించిన క్రైస్తవుని ఆస్తిలో కుమారునికిని కుమార్తెకును సమభాగము. అయితే పెండ్లికి ఖర్చు చేసితిమి గదా యని చెప్పి చెల్లెలిచేత హక్కు విడుదల కాగితముపై వ్రేలిముద్ర వేయించు అన్నలు మన బల్లారాధనలో లేరా? కాబూలు తాకీదును చూచి నిట్టూర్చి, మన ఇంటి తాకీదును మరచిన యెడల ఆ నిట్టూర్పు దేవుని చెవికి చేరదు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన సంఘములో బడి మాన్పింపబడిన ఆడుపిల్లలు ఎందరు? ఏ తరగతిలో మాన్పించిరి? ఎందుచేత?

2. సంఘ పెద్దల కమిటీలో స్త్రీల మనవి నేరుగా వినబడుచున్నదా, లేక భర్తల నోట మాత్రమే వినబడుచున్నదా?

3. సెలోపెహాదు కుమార్తెలు నేడు మన గుడి ద్వారమునొద్ద నిలిచిన యెడల మనమేమి చెప్పుదుము?

ప్రార్థన

ప్రభువా, ఐదుగురు కుమార్తెల మనవి వినినవాడా, మూయబడిన బడుల యెదుట నిలిచియున్న బిడ్డలను జ్ఞాపకము చేసికొనుము. చెరలో నున్నవారిని బలపరచుము. మా ఇండ్లలోను మా సంఘములోను నీ న్యాయము మొదలుపెట్టుము. ఆమేన్.