పాత గౌను

సంతలో తల్లి కూలి డబ్బులతో కూతురికి పాత గౌను కొన్నది. గుడ్డ గట్టిగానే ఉంది. కాని ముక్క వాసన.

"ఇది వేసుకుని బడికి పోను. అందరూ నవ్వుతారు" అంది పిల్ల.

పక్కింటి పెద్దమ్మ చూసింది. "పారెయ్యకమ్మా! చెమ్మ ఆరకుండా మూట కట్టారు. బూజు పట్టింది. ఆ వాసనే ఇది" అంది.

తల్లి గౌను దులిపింది. అర బకెట్ నీళ్ళలో నాలుగు చెంచాల వంటసోడా కలిపింది. గంటసేపు నానబెట్టింది. కుంకుడు రసంతో ఉతికింది. రెండుసార్లు జాడించింది. తిరగేసి ఎండలో ఆరేసింది. కుట్ల దగ్గర తడి పోయేదాకా ఉంచింది.

సాయంత్రానికి వాసన పోయింది. మర్నాడు పిల్ల ఆ గౌనుతోనే బడికి పోయింది.

అత్తరు చల్లితే వాసన దాగుతుంది. పోదు. బట్టలు బాగా ఆరాకే పెట్టెలో పెట్టాలి.

మీ ఇంట్లో ముక్క వాసన ఎలా పోగొడతారు? రాయండి.