ట్యూబ్‌లైట్ చోక్, కోలార్ గని: ఒక ఫిజిక్స్ పాఠం



పై తరగతుల పిల్లలు 'ఉత్సర్గ నాళం' గురించి చదువుతారు. నిర్వచనం తప్పులేకుండా రాస్తారు. "దాంతో ఏం చేస్తారు?" అని అడిగితే మాత్రం తడబడతారు. ఆ ప్రశ్నకు మంచి జవాబు మన కుప్పానికి చేరువలోనే, కర్ణాటకలోని కోలార్ బంగారు గనుల్లో దొరికింది.

1965లో అక్కడ సుమారు 2.3 కిలోమీటర్ల లోతున భారత్, జపాన్, బ్రిటన్ శాస్త్రవేత్తలు వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ పట్టుకున్నారు. అదే ఏడాది దక్షిణాఫ్రికా గనిలోనూ మరో బృందం వాటిని గుర్తించింది. అంత లోతు ఎందుకంటే, పైనున్న రాయి మిగతా కాస్మిక్ కిరణాలను దాదాపుగా ఆపేస్తుంది. న్యూట్రినోలు మాత్రం రాయిని దాటి వస్తాయి. ఎప్పుడో ఒకటి రాతిలో ఢీకొని మ్యువాన్ అనే కణాన్ని పుట్టిస్తుంది. పరికరానికి చిక్కేది ఆ మ్యువానే.

గొట్టం ఎలా మెరుస్తుంది?

ఆ పరికరంలో నియాన్ నింపిన గాజు గొట్టాలు ఉండేవి. మ్యువాన్ దూసుకెళ్లిన దారిలో నియాన్ పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడతాయి. కణం వచ్చిందని సింటిలేటర్లు కబురు చెప్పగానే క్షణకాలం అధిక వోల్టేజీ ఇస్తారు. ఆ ఎలక్ట్రాన్లు వేగం పుంజుకుని మరిన్నింటిని ఊడగొడతాయి. గొట్టం మెరుస్తుంది, కెమెరా ఫోటో తీస్తుంది.

వోల్టేజీ తక్కువైతే కణం వెళ్లినా గొట్టం మెరవదు. మరీ ఎక్కువైతే కణం లేకపోయినా మెరుస్తుంది. నెలల తరబడి కాచుకుంటే కొద్ది ఘటనలే దొరికే ప్రయోగంలో దొంగ మెరుపులు ఫలితాన్నే తారుమారు చేయగలవు.

మెరుపు ఆగేదెలా?

పాత ట్యూబ్‌లైట్ గుర్తుచేసుకోండి. వెలిగాక లోపలి వాయువులో కరెంటు పెరిగిపోవాలని చూస్తుంది. చోక్ దాన్ని అదుపులో పెడుతుంది. డిటెక్టర్‌కూ అలాంటి అదుపు కావాలి. కోలార్ గొట్టాలకు వోల్టేజీని అతి కొద్దిసేపే ఇచ్చేది అందుకే.

నేటి రెసిస్టివ్ ప్లేట్ చాంబర్లలో వాయువు రెండు పలకల మధ్య ఉంటుంది. చాలావాటిలో అవి గాజు పలకలే. గాజులో కరెంటు సులువుగా పారదు. అందుకే స్పార్క్ వచ్చినచోట మాత్రమే వోల్టేజీ పడిపోయి, స్పార్క్ దానంతటదే ఆరిపోతుంది. వాయువులో కొద్దిగా కలిపే సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అదనపు ఎలక్ట్రాన్లను పట్టేస్తుంది. ఇంటర్ కెమిస్ట్రీలో పిల్లలు బొమ్మ గీసే అణువు అదే.

ఇంట్లో అడగండి

"చోక్ లేకపోతే ట్యూబ్‌లైట్ ఏమవుతుంది?" అని ఈ వారం మీ అబ్బాయినో అమ్మాయినో అడగండి. పుస్తకం చూడకుండా సొంత మాటల్లో చెప్పనివ్వండి. తడబడితే కంగారు పడకండి, ఆలోచించడానికి ఒక రోజు ఇవ్వండి. మాటలతో సరిపెట్టండి. స్విచ్ బోర్డులు, ట్యూబ్‌లైట్ ఫిట్టింగులు మాత్రం విప్పనివ్వకండి.