డెవలపర్ల కబుర్లు: కొత్తగా ఉద్యోగంలో చేరిన మేనకోడలికి



సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో అడుగుపెట్టే వారికి కళాశాలలోనూ హైదరాబాదు అమీర్‌పేట శిక్షణ సంస్థల్లోనూ జావా, పైథాన్, డేటాబేస్‌ల గురించి చెప్పేవారికి కొదవ లేదు గాని, ఆ ఉద్యోగంలో రోజూ టీ తాగుతూ, లిఫ్ట్ కోసం నిలబడి, చాట్‌లో ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ డెవలపర్లు చెప్పుకునే కబుర్ల గురించి చెప్పేవారు అరుదు. ఈ కబుర్లు వట్టి కాలక్షేపమనీ, చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకుని తెర మీద నుంచి చూపు మరల్చకుండా కూర్చోవడమే శ్రద్ధకు గుర్తనీ మొదటి ఉద్యోగంలో చాలామంది భావిస్తారు. ఆ భావన సరికాదు. ప్రోగ్రామింగ్ వృత్తిలో పుస్తకాలకెక్కని తెలివిడి ఎంతో ఈ కబుర్ల దారినే ఒకరి నుంచి మరొకరికి చేరుతుంది కాబట్టి, వాటిలో పాలుపంచుకోవడమూ అవి చెడిపోకుండా చూసుకోవడమూ ఉద్యోగ ధర్మంలో భాగాలే.

ఈ సంగతిని చాలా ముందుగా గుర్తించిన వారిలో అమెరికన్ రచయిత జెరాల్డ్ వైన్‌బర్గ్ ఒకరు. 1971లో వెలువడిన ‘ద సైకాలజీ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్’ అనే గ్రంథంలో ఆయన ఒక విశ్వవిద్యాలయపు కంప్యూటర్ కేంద్రంలో జరిగిన ఉదంతాన్ని వివరించారు. విద్యార్థులు కూర్చుని ప్రోగ్రాములు రాసుకునే గదిలో ఒక చివర నాణెం వేస్తే తినుబండారాలు, పానీయాలు ఇచ్చే యంత్రాలు ఉండేవి. వాటి చుట్టూ చేరేవారి గోల భరించలేకపోతున్నామని కొందరు ఫిర్యాదు చేయగా, కేంద్రం నిర్వాహకుడు ఆ యంత్రాలను అక్కడి నుంచి తీయించివేశాడు. గది సద్దుమణిగింది గాని, సందేహాలు తీర్చడానికి నియమితులైన సహాయకులు చాలడం లేదనే కొత్త ఫిర్యాదు మొదలై, వారి ముందు పొడవాటి వరుసలు కనిపించసాగాయి. విచారించగా తేలిందేమిటంటే, యంత్రాల దగ్గర గోల చేస్తున్నారనుకున్న విద్యార్థులు మాట్లాడుకుంటున్నది చాలావరకు తమ ప్రోగ్రాముల గురించే; అందరి తప్పులూ దాదాపు ఒకే తీరువి కావడం వల్ల, నిన్న ఆ తప్పుతో అవస్థ పడినవాడు ఈరోజు పక్కవాడికి అక్కడికక్కడే దారి చెప్పేవాడు. నిర్వాహకుడు తొలగించింది కేంద్రంలోకెల్లా చురుకుగా పనిచేస్తున్న సహాయ విభాగాన్ని.

మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఆఫీసు కింద ఉన్న టీ కొట్టు దగ్గర ఇప్పటికీ జరుగుతున్నది ఇదే. ఒక డేటాబేస్‌ను ఎలా వాడాలో చెప్పే పత్రం సంస్థలో ఉంటుంది. నెలాఖరు రాత్రి బిల్లింగ్ జాబ్, అంటే మనిషి ప్రమేయం లేకుండా నిర్ణీత సమయానికి తనంత తానుగా నడిచే లెక్కల ప్రోగ్రాము, ఫలానా టేబుల్‌ను తన పని ముగిసేదాకా ఇతరులెవరూ మార్చడానికి వీల్లేకుండా పట్టి ఉంచుతుందనే సంగతి మాత్రం ఆ పత్రంలో ఉండకపోవచ్చు. “నెలాఖరున దాని జోలికి పోకు, మొత్తం ఆగిపోద్ది” అని టీ గ్లాసు చేతబట్టుకుని ఒక సీనియర్ యథాలాపంగా అనే మాట, విన్నవారికి ఒక రాత్రంతా మేలుకునే అవస్థను తప్పిస్తుంది. అడిగేవారికి కలిగే మేలు కూడా తక్కువది కాదు. “అన్నా, ఒక్క నిమిషం ఇది చూస్తావా” అని పిలిచి సమస్యను వివరించడం మొదలుపెట్టినవారు సగంలోనే “ఆఁ, దొరికిందిలే” అని వెనుదిరగడం ప్రతి ఆఫీసులోనూ కనిపించేదే. ఎదుటివారికి అర్థమయ్యేలా చెప్పాలంటే ముందుగా మనసులో వరుస కుదరాలి, వరుస కుదిరినచోట లోపం తనంతట తాను బయటపడుతుంది. 1999లో ఆండ్రూ హంట్, డేవిడ్ థామస్ రాసిన ‘ద ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్’ పుస్తకం ద్వారా, వినే మనిషి దొరకనప్పుడు బల్ల మీది రబ్బరు బాతుబొమ్మకైనా సమస్యను వివరించి చూసే పద్ధతి ప్రసిద్ధమైంది.

మాట ముఖాముఖిగా ఉన్నంతసేపు గొంతు, ముఖం దాని భావాన్ని మోస్తాయి. చాట్‌లోకి ఎక్కాక ఆ ఆసరా ఉండదు. 1982లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు కంప్యూటర్ విజ్ఞానశాఖ వారు తమలో తాము రాసుకునే సందేశాల్లో, లిఫ్ట్‌లో పాదరసం ఒలికిందంటూ సాగిన ఒక పరిహాసాన్ని కొందరు నిజమైన హెచ్చరికగా తీసుకున్నారు. ఇటువంటి అపార్థాలు తలెత్తకుండా ఉండాలని ఆ సంవత్సరం సెప్టెంబరు 19న స్కాట్ ఫాల్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు, హాస్యానికి రాసిన మాట పక్కన రెండు చుక్కలు, ఒక అడ్డగీత, ఒక బ్రాకెట్ కలిపి పక్కకు ఒరిగిన నవ్వు ముఖాన్ని పెట్టమని సూచించారు. ఒకే భవనంలో, ఒకే విద్యతో పనిచేసే పండితుల మధ్యనే అటువంటి గుర్తు అవసరమైనప్పుడు, హైదరాబాదు, పుణె, డాలస్ నగరాల్లో విడివిడిగా కూర్చుని ఒకరి ముఖం ఒకరు చూడకుండా పనిచేసే బృందంలో “ఎవరు చేశారిది?” అనే రెండు ముక్కల సందేశం చదివేవారి గుండె ఎలా ఝల్లుమంటుందో ఊహించవచ్చు. కోడ్ రివ్యూలో, అంటే ఒకరు రాసిన కోడ్‌ను ప్రధాన వ్యవస్థలో కలపడానికి ముందు మరొకరు చదివి అభిప్రాయం రాసే సందర్భంలో, ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. “ఇక్కడ లూప్ ఎందుకు?” అని అడగడం కన్నా “జాబితా ఖాళీగా ఉంటే ఈ లూప్ ఏం చేస్తుంది?” అని రాస్తే, అదే సందేహం దెప్పిపొడుపుగా ధ్వనించకుండా పని గురించిన ప్రశ్నగా చేరుతుంది.

డెవలపర్ల హాస్యం ఎక్కువగా వైఫల్యం చుట్టూ తిరుగుతుంది. శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌లోకి, అంటే వినియోగదారులు నిజంగా వాడుతున్న వ్యవస్థలోకి, కొత్త కోడ్ ఎక్కించి శనివారమంతా దాని ముందు కూర్చోవడం, “నా సిస్టమ్‌లో బాగానే పనిచేస్తోందే” అనే చిరకాలపు సమాధానం, ‘తాత్కాలికం’ అని ఎవరో వ్యాఖ్య రాసి వదిలిన కోడ్ ఏళ్ల తరబడి అలాగే నిలిచి ఉండటం వారి నిత్య పరిహాస వస్తువులు. ఈ పరిహాసానికి గొప్ప ప్రయోజనం ఉంది: పదేళ్ల అనుభవం ఉన్నవారు కూడా ఇవే దెబ్బలు తిన్నారని వినడం వల్ల, మొదటిసారి ప్రొడక్షన్‌ను పడగొట్టిన వ్యక్తికి లోకం మునిగిపోలేదనే ధైర్యం కలుగుతుంది. ఆ ధైర్యం లేనివారు తప్పును దాస్తారు, దాచిన తప్పు తెల్లవారేసరికి పెరుగుతుంది.

హాస్యం పని మీది నుంచి మనిషి మీదికి జరిగినప్పుడు ఈ ప్రయోజనం తలకిందులవుతుంది. కోడ్‌లో జరిగిన ప్రతి మార్పునూ భద్రపరిచే గిట్ అనే సాధనంలో బ్లేమ్ అనే ఆదేశం ఇస్తే, ప్రతి పంక్తి పక్కన దాన్ని చివరిసారి మార్చిన వ్యక్తి పేరు, తేదీ కనిపిస్తాయి. ఆ పేరు చూసి పదిమందిలో నవ్వడం చాలా తేలిక. అయితే ఆ పేరు చివరగా తాకినవారిదే గాని, తప్పు చేసినవారిదే కానక్కరలేదు. పంక్తి ముందున్న ఖాళీలు సరిచేసిన పాపానికి కూడా పేరు అక్కడ చేరుతుంది. ఎంత ఒత్తిడిలో, ఏ గడువు కోసం, ఎవరు చెప్పగా ఆ మార్పు జరిగిందో ఆ ఆదేశం చెప్పలేదు. గిట్‌ను 2005లో రూపొందించిన లైనస్ టోర్వాల్డ్స్ జీవితమే ఇక్కడ గమనించదగినది. లినక్స్ కెర్నెల్ సృష్టికర్తగా లోకమంతా గౌరవించే ఆయన, ఇతరుల కోడ్‌ను పరుష పదజాలంతో విమర్శించడంలోనూ అంతే పేరుపొందారు. 2018 సెప్టెంబరులో తన మాటల తీరు వృత్తికి తగనిదని బహిరంగంగా అంగీకరించి, క్షమాపణ చెప్పి, కొంతకాలం పనికి విరామం ఇచ్చారు. అంతటి ప్రతిభావంతుడికే పరుషత్వం తప్పనిసరి సాధనం కాలేదన్నది కొత్తవారు గ్రహించవలసిన విషయం. పెద్ద అంతరాయం జరిగిన తర్వాత ఎవరినీ దోషిగా నిలబెట్టకుండా ఏ పరిస్థితులు దానికి దారితీశాయో సమీక్షించే పద్ధతిని, గూగుల్ ఇంజినీర్లు 2016లో వెలువరించిన ‘సైట్ రిలయబిలిటీ ఇంజినీరింగ్’ గ్రంథంలో ఒక అధ్యాయమే కేటాయించి సమర్థించారు. సమీక్షలో ఎంత మర్యాద పాటించినా, ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో అదే మనిషిని వెక్కిరిస్తే ఆ సమీక్ష వల్ల ఫలితం ఉండదు.

తెలుగువారు ఎక్కువగా ఉన్న బృందాలకు ప్రత్యేకమైన కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. అన్నా, అక్కా, బ్రో, మావా అనే పిలుపుల్లో ఆప్యాయత ఉంది, వాటిని వదులుకోనక్కరలేదు. బల్ల చుట్టూ ఆరుగురు తెలుగువారు, ఒక ఒడిశా అమ్మాయి కూర్చున్నప్పుడు మాట అప్రయత్నంగా తెలుగులోకి జారడం సహజమే అయినా, ఆమె కాసేపు నవ్వు ముఖంతో ఓపికపట్టి, ఆపై ఫోన్ చూసుకుంటూ, మరునాటి నుంచి టీకి రావడం మానేస్తుంది. ఒక్కరు ఆమె వైపు తిరిగి జరుగుతున్న సంగతిని ఆమెకు తెలిసిన భాషలో చెబితే మిగిలినవారూ ఆ భాషలోకి వస్తారు. దీనికన్నా లోతైన గాయం మరొకటి ఉంది. ఊరేది, ఇంటిపేరేమిటి అంటూ పరిచయంలా మొదలయ్యే ప్రశ్నల పరంపర, కులం ఆరా తీయడానికే సాగుతోందని అడిగేవారికీ తెలుసు, చెప్పేవారికీ తెలుసు. సముద్రాలు దాటి వెళ్లిన తెలుగువారి కూటముల్లో కూడా ఈ ఆరా ఆగలేదు. కబుర్లు కలుపుకునే సాధనాలు కావలసిన చోట ఇది మనుషులను విడదీసి గిరి గీస్తుంది కాబట్టి, ఈ ప్రశ్న అడగకపోవడంతో సరిపెట్టుకోకుండా, మరొకరు కొత్తవారిని అడుగుతున్నప్పుడు మాట మళ్లించడం కూడా బాధ్యతగా భావించాలి. ప్యాకేజీ ఎంత, హైక్ ఎంత వచ్చింది అనే ఆరాలు ఇంత హానికరమైనవి కావు. తోటివారి జీతాలు తెలియడం న్యాయమైన జీతం అడగడానికి పనికివస్తుంది కూడా, అయితే చెప్పడం ఇష్టం లేనివారిని గుచ్చి గుచ్చి అడగరాదు.

ఆడపిల్లలు ఎదుర్కొనే చిక్కు ఒకటి విడిగా చెప్పవలసి ఉంది. చాలా ఆఫీసుల్లో అసలైన కబుర్లు సిగరెట్ కాల్చే చోట నడుస్తాయి. మగవారు నలుగురు కిందికి వెళ్లి వచ్చేలోగా ఏ డిజైన్ తీసుకోవాలో, ఏ పని ఎవరికి దక్కాలో తేలిపోతుంది. అక్కడికి వెళ్లని అమ్మాయి ఆ నిర్ణయాన్ని పనుల జాబితాలో చూసి తెలుసుకుంటుంది. దీన్ని చూసీ చూడనట్లు వదిలేయడం మంచితనం అనిపించుకోదు. “కింద ఏం అనుకున్నారో ఇక్కడ కూడా చెప్పండి, కారణాలు తెలియాలి” అని నొచ్చుకోకుండా, సంకోచించకుండా అడగడం ఆమె హక్కు. ఉదయం జరిగే స్టాండప్, అంటే అందరూ నిలబడి నిన్న చేసినదీ ఈరోజు చేయబోయేదీ క్లుప్తంగా చెప్పుకునే సమావేశం, ఇందుకు తగిన వేదిక. రెండుమూడుసార్లు అలా అడిగితే, వివేకం ఉన్న బృందం తన అలవాటును తానే దిద్దుకుంటుంది.

క్లయింట్ పేర్లు, పాస్‌వర్డులు, ఇంకా విడుదల కాని ఉత్పత్తుల వివరాలు టీ కొట్టు దగ్గర పలకరాదన్నది వేరే చెప్పనక్కరలేదు. ఉద్యోగాల కోత గురించిన పుకార్లను విని ఊరుకోవడమే మేలు.

చివరగా, కబుర్లలో తేలిన మంచి సంగతిని అక్కడే వదిలివేయకుండా, సీటుకు తిరిగి వచ్చాక బృందమంతా చూసే చాట్‌లో నాలుగు పంక్తుల్లో రాసే అలవాటు మొదటి నెల నుంచే చేసుకోవాలి. ఏమి అడిగారు, ఎవరు ఏమి చెప్పారు, ఏది పనిచేసింది అని చెప్పినవారి పేరుతో సహా రాస్తే, ఆ సీనియర్‌కు దక్కవలసిన గౌరవం దక్కుతుంది, ఆ రోజు ఇంటి నుంచి పనిచేస్తున్నవారికీ సంగతి అందుతుంది, ఆరు నెలల తర్వాత అదే సమస్యతో వెతికేవారికి జవాబు దొరుకుతుంది. సందేహాన్ని ఒక్కరికి చాటుగా పంపే బదులు వీలైనంతవరకు అక్కడే అందరి ముందూ అడగడం మంచిది. ఒక కొత్త ఉద్యోగి అలా అడగగలిగితే, తర్వాత చేరే వ్యక్తికి అడగడం సులువవుతుంది.

శుభాశీస్సులతో,
మేనమామ