తోమా ఉన్న గది

రాజోలు

అమ్మలూ,

 

"అమ్మమ్మ కోసం అంత ప్రార్థన చేశాం, ఏమైంది? ఇక కూడికకి వెళ్లబుద్ధి కావట్లేదు" అన్నావట. మీ అమ్మ కంగారు పడుతోంది. నేను పడట్లేదు. నీకు అమ్మమ్మ, నాకు అమ్మ. ఆ ప్రశ్న నాకూ ఉంది.

ఇలాంటప్పుడు మనవాళ్లు సందేహించిన శిష్యుడు తోమా పేరెత్తి మందలిస్తారు. కానీ యూదయకి తిరిగి వెళ్తే రాళ్లతో కొడతారని మిగతా శిష్యులు వెనకాడుతుంటే, ప్రభువుతో పాటు చావడానికైనా సిద్ధపడింది ఆ తోమాయే. అంత ప్రేమించినవాడు, ప్రభువు తిరిగి లేచాడని విన్నాక, ఆయన గాయాలు చూస్తే తప్ప నమ్మనన్నాడంటే, అది పొగరు కాదు, దుఃఖం.

సందేహాలన్నీ ఒక్కటి కావు. చలిమంట దగ్గర పేతురు ముమ్మారు బొంకింది నమ్మకం లేక కాదు, భయం వల్ల. ఎమ్మాయు దారిలో ఆమడ దూరం నడిచిన ఇద్దరు శిష్యులదీ ఆశాభంగం. నీది తోమా బాధేనని నాకనిపిస్తోంది. దుఃఖానికి వాదన మందు కాదు. అందుకే నీతో వాదించను.

ఒక్కటి మాత్రం గమనించు. నమ్మనని మిగతా శిష్యుల ముందే తెగేసి చెప్పిన తోమా, ఎనిమిది రోజుల తర్వాత కూడా వాళ్లతోనే ఉన్నాడు. వాళ్లూ ఆయన్ని పొమ్మనలేదు, నమ్మకం కుదిరాకే రమ్మనలేదు. ప్రభువు వాళ్లున్న ఆ గదిలోకే వచ్చాడు. గలిలయ కొండ మీద ఆయనకి మొక్కినవాళ్లలోనూ కొందరు సందేహించారని మత్తయి రాశాడు. సువార్త పని వాళ్లకీ కలిపే అప్పగించాడు ప్రభువు.

ఆ పని సాగబట్టే 1836లో ఇంగ్లండ్ నుంచి బౌడెన్, బీర్ అనే సువార్తికులు మన దేశం వచ్చి, రేవు అవతల నర్సాపురంలో కుదురుకున్నారు. ఒకరు రాతిపని మేస్త్రీ, ఒకరు చెప్పులు కుట్టేవారు. ఇక్కడ తొలి విశ్వాసుల కోసం వాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. వాళ్లు చేతపట్టుకొచ్చిన సువార్తలో శిష్యుల తడబాటు ఒక్కటీ దాచిపెట్టి లేదు.

నువ్వున్న చెన్నైలోనే పరంగిమలై ఉంది. తోమా అక్కడే హతసాక్షి అయ్యాడంటారు. రుజువు అడిగిన మనిషి గురించి మనకి మిగిలింది రుజువు చేయలేని కథే, చూశావా!

కాబట్టి ఈ ఆదివారం వెళ్లు. పాట గొంతు దాటకపోతే ఊరికే కూర్చో. రొట్టె, పాత్ర నీ దాకా వచ్చినప్పుడు మనసొప్పకపోతే పక్కవాళ్లకి అందించు. సంఘ పెద్దల్లో ఒకరిని పట్టుకుని నీ ప్రశ్న అడుగు. జవాబు తెలియదని ఒప్పుకునేవారైతే ఇంకా మంచిది. ఎవరైనా మొహం మాడ్చుకుంటే ఆ తప్పు వాళ్లది, నీది కాదు. కోపం వస్తే ప్రార్థనలో ఆ కోపమే చెప్పు. ఒక్కదానివే గదిలో తలుపేసుకుని మాత్రం తేల్చుకోకు.

మీ అమ్మకి ఫోన్ చెయ్యి.

మీ మామయ్య