పోటీ పరీక్షల ప్రత్యేకం: ఇంటర్వ్యూ గదిలో వైకల్య వివక్ష

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ శ్రీసత్యసాయి జిల్లాలోవే (ఏర్పాటు: 2022 ఏప్రిల్ 4). ఇక్కడి తూముకుంట ఫ్యాక్టరీలు, ఎర్రమంచి కియా ప్లాంటు, ధర్మవరం పట్టు మగ్గాలు ఇచ్చేవన్నీ ప్రైవేటు కొలువులే. దివ్యాంగుల హక్కుల చట్టం–2016, 34వ సెక్షన్ ఇచ్చే 4 శాతం రిజర్వేషన్ మాత్రం ప్రభుత్వ సంస్థలకే. ప్రైవేటుకు కోటా లేదు. అయితే 3వ సెక్షన్ వివక్షను నిషేధిస్తుంది, 21వ సెక్షన్ ప్రకారం ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి.

ఇంటర్వ్యూలో చూపులేని అభ్యర్థిని ‘రోజూ ఆఫీసుకు ఎవరు తీసుకొస్తారు?’ అని అడిగితే అది అనుమానం. ‘కంప్యూటర్‌పై ఎలా పనిచేస్తారు?’ అన్నది పని గురించిన ప్రశ్న. జవాబు: తెరపై ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో. అలాంటి ఏర్పాటునే చట్టం ‘సహేతుక సర్దుబాటు’ అంటుంది.

ఈ తీర్పూ ముఖ్యం. చూపులేనివారిని న్యాయాధికారుల నియామకాలకు దూరం పెట్టిన మధ్యప్రదేశ్ న్యాయసేవల నియమావళిలోని నిబంధన 6ఏను సుప్రీంకోర్టు 2025 మార్చి 3న కొట్టేసింది. ధర్మాసనం: జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ ఆర్.మహదేవన్.

వివక్షను ఎదిరించినవారికి మన ఉదాహరణ మచిలీపట్నం ప్రాంతానికి చెందిన శ్రీకాంత్ బొల్లా. చూపులేదని ఇంటర్‌లో సైన్సు సీటు నిరాకరిస్తే కోర్టుకెళ్లి సాధించారు. ఎంఐటీలో చదివి, బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టి దివ్యాంగులకు తానే ఉద్యోగాలిచ్చారు.

తికమక బిట్: పాత 1995 చట్టంలో 7 వైకల్యాలు, 3 శాతం రిజర్వేషన్; 2016 చట్టంలో 21 వైకల్యాలు, 4 శాతం. రిజర్వేషన్‌కు కనీస వైకల్యం 40 శాతం.